ఎడారి బొమ్మలు... గీసిందెవరు?

చుట్టలు చుట్టిన తోకతో కోతి, రెక్కలు విప్పిన రాబందు, పొడవాటి ముక్కుతో హమ్మింగ్‌బర్డ్, సాలీడు... ఇవన్నీ ఉన్నది ఏ జంతు ప్రదర్శనశాలలోనో కాదు, దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, నాజ్కా ఎడారి నేలమీద. సాలీడు 46 మీటర్లుంటే రాబందు ఏకంగా 130 మీటర్లు దాటుతుంది!

రాజధాని లిమా నుంచి దక్షిణంగా దాదాపు 400 కిలోమీటర్లు వెళితే వస్తుందీ చోటు. చిన్న విమానం ఎక్కితే బొమ్మలన్నీ చూడొచ్చు. విమానమంటే భయమా? రోడ్డు పక్కనే ఓ ఎత్తైన మంచె ఉంది. ఎక్కితే చేతుల బొమ్మ, చెట్టు కనిపిస్తాయి. పక్కనే ఓ బల్లి. పాపం, దాని తోక మీదుగానే పాన్ అమెరికన్ హైవే వేసేశారు.

ఆకాశం నుంచి చూస్తే బాగా కనిపించే ఈ బొమ్మల్ని 2 వేల ఏళ్ల కిందట ఎవరు గీశారు? 1968లో ఎరిక్ వాన్ డానికెన్ అనే స్విస్ రచయిత, ఆ గీతలు విమానాశ్రయాన్ని తలపిస్తున్నాయని రాశాడు. ఇంకేం, గ్రహాంతరవాసులు దిగిన చోటంటూ ప్రపంచమంతా ప్రచారమైంది.

అసలు కిటుకు నేలలోనే ఉంది. పైన ఎర్రటి తుప్పు రంగు రాళ్లు, వాటి కింద లేత రంగు మట్టి. రాళ్లు పక్కకు తీస్తే చాలు, గీత పడినట్టే! కొన్ని గీతల చివర కొయ్య మేకులూ దొరికాయి. పునాదికి మేస్త్రీ తాడు కట్టి కొలిచినట్టే అన్నమాట. 1982లో జో నికెల్ అనే అమెరికన్ పరిశోధకుడు కొయ్యలు, తాడు సాయంతో కొద్దిమందితో కలిసి 440 అడుగుల రాబందును గీసి చూపించాడు కూడా. 2024లో జపాన్ పరిశోధకులు కృత్రిమ మేధతో మరో 303 బొమ్మల్ని గుర్తించారు. వాటిలో చాలావరకు చిన్నవే, కాలిబాటల పక్కన, నడిచి వెళ్లేవారికి కనిపించేలా ఉన్నాయి. అంటే అవి ఆకాశంలోని వారి కోసం కాదు, దారినపోయే మనుషుల కోసమే.

వాన దాదాపుగా పడదు కాబట్టే ఈ గీతలు ఇన్నాళ్లు నిలిచాయి. జర్మనీ నుంచి వచ్చిన మరియా రైషె, 1998లో చనిపోయేదాకా వీటి రక్షణకే జీవితాన్ని ధారపోశారు. చీపురు పట్టి గీతల్ని శుభ్రం చేశారామె. యునెస్కో 1994లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అయినా 2018లో ఓ లారీ రోడ్డు దిగి మూడు గీతల్ని తొక్కేసింది.

ఆకాశం నుంచి ఎవరో వచ్చారనుకుంటే కథ బాగానే ఉంటుంది. కానీ ఎండలో ఒక్కో రాయీ ఏరి పక్కన పెట్టిన ఆ చేతుల కష్టాన్ని ఇంకెవరి ఖాతాలోనో వేయడం ఏం న్యాయం?