రెండు సెకన్ల అరవై



పోయిన నెల మెరిట్ మీద మాట్లాడుకున్నప్పుడు ఒక డిగ్రీ విద్యార్థి లేచి అడిగాడు: "అన్నా, చదువుల్లో కులం ఉందంటే ఒప్పుకుంటా. ఆటల్లో ఎట్లా ఉంటది? స్టాప్‌వాచ్ ఎవరి ఇంటిపేరు అడగదు కదా?" వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అందుకే కొంచెం పొడుగ్గా జవాబు రాస్తున్నా.

మా అక్క బిడ్డ స్విమ్మర్. పద్నాలుగేళ్లు. సనత్‌నగర్‌లో ఉంటాం. ఈ ఏడు ఒక జూనియర్ పోటీకి పెట్టిన క్వాలిఫైయింగ్ టైం అందుకోవడానికి 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఆమెకు 2.60 సెకన్లు తక్కువ పడ్డాయి. ఆ 2.60 సెకన్లు ఎక్కడ పోయాయని ఇంట్లో అందరం కూర్చుని లెక్క తీశాం. ఆ లెక్కే ఈ వారం పాఠం.

ముందు క్వాలిఫైయింగ్ టైం అంటే ఏంటో చూద్దాం. పోటీకి వచ్చేవాళ్లు చాలామంది. కొలనులో ఉండేది ఎనిమిదో పదో లేన్లు. చేతిలో ఉండేది కొన్ని రోజులు. అందుకని నిర్వాహకులు ఒక గీత గీస్తారు. ఈ ఈవెంట్‌లో, ఈ వయసు గ్రూపులో, ఇంతకంటే తక్కువ టైంలో ఈదినవాళ్లే రావాలి అని. ఆ పట్టిక పోటీ ప్రకటనతో పాటే వస్తుంది. పోటీని బట్టి, ఏడాదిని బట్టి మారొచ్చు. 1:05.38 అని రాసి ఉంటే ఒక నిమిషం 5 సెకన్లు, ఆపైన సెకనును వంద ముక్కలు చేస్తే అందులో 38 ముక్కలు అని అర్థం.

పట్టికలో అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. మూడు సంగతులు చూడాలి.

ఒకటి, కొలను పొడవు. 50 మీటర్ల కొలనును లాంగ్ కోర్స్ అంటారు, 25 మీటర్లదాన్ని షార్ట్ కోర్స్ అంటారు. 25 మీటర్ల కొలనులో 100 మీటర్లు ఈదితే మూడుసార్లు గోడ దగ్గర తిరగాలి. తిరిగిన ప్రతిసారీ కాళ్లతో గోడను తన్ని ముందుకు దూసుకుపోవచ్చు. 50 మీటర్ల కొలనులో ఆ తన్ను ఒక్కసారే దొరుకుతుంది. అందుకే చిన్న కొలనులో వచ్చిన టైం పెద్ద కొలనులో రాదు.

రెండు, ఎవరు కొలిచారన్నది. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్‌లో మొదలు సిగ్నల్ విన్నాక వేలు కాస్త ఆలస్యంగా కదులుతుంది. అందుకని టైం కొద్దిగా తక్కువ చూపిస్తుంది. పెద్ద పోటీల్లో గోడకు టచ్‌ప్యాడ్ ఉంటుంది. చెయ్యి తగిలితేనే గడియారం ఆగుతుంది. పైగా గుర్తింపు ఉన్న పోటీలో నమోదైన టైమే చెల్లుతుంది. ప్రాక్టీసులో ఫోన్‌తో కొలిచింది మన సంతోషానికే.

మూడు, వయసు. మన జాతీయ జూనియర్ పోటీల్లో 15 నుంచి 17 ఏళ్ల వాళ్లు గ్రూప్ 1. వయసును డిసెంబర్ 31 నాటికి లెక్క కడతారు. అంటే జనవరిలో పుట్టిన 17 ఏళ్ల పిల్లా, డిసెంబర్‌లో పుట్టిన 15 ఏళ్ల పిల్లా పక్క పక్క లేన్లలో ఈదుతారు. ఇద్దరి మధ్య దాదాపు మూడేళ్లు. ఇక్కడ మనవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మన ఇళ్లలో ఎంతమందికి అసలు పుట్టినరోజు తెలుసు? బడిలో వేసిన రోజు సారు తోచిన జూన్ తేదీ రాసేవాడు. నా సర్టిఫికెట్‌లో ఉన్నది ఆ తేదీయే. ఇంట్లో పుట్టిన తేదీ రాసిపెట్టుకోవడం కూడా ఒక ఆస్తే.

ఇప్పుడు మా పిల్ల లెక్కకు వద్దాం. ఆమె ఈత నేర్చుకుంది 25 మీటర్ల కొలనులో. అక్కడ స్టార్టింగ్ బ్లాక్ లేదు. లోతు తక్కువని తలకిందులుగా దూకనివ్వరు. స్టాప్‌వాచ్‌తో కొలిస్తే అక్కడ గీత దాటింది. పోటీ జరిగింది 50 మీటర్ల కొలనులో, టచ్‌ప్యాడ్‌తో. బ్లాక్ మీద నిలబడడం ఆమెకు అది నాలుగోసారి. కొంత దూకేటప్పుడు పోయింది. కొంత తిరిగేటప్పుడు పోయింది. మిగతాది ఆఖరి 25 మీటర్లలో పోయింది. బయటికొచ్చి తువ్వాలు కప్పుకుని, "మామా, నేను మెల్లగ ఈదలే. చివర్ల గోడ ఎంతకూ రాలే" అంది.

గోడ ఎందుకు రాలేదు? గంటలు లెక్కేయండి. రోజుకు రెండు గంటలు, వారానికి ఆరు రోజులు, ఏడాదికి 50 వారాలు ఈదే పిల్లకు 600 గంటలు అవుతాయి. వేసవి సెలవుల్లో 50 రోజులు, రోజుకు 45 నిమిషాల బ్యాచ్‌లో ఈదే పిల్లకు 37 గంటల 30 నిమిషాలు. ఇద్దరూ ఒకే పట్టిక ముందు నిలబడాలి. స్టాప్‌వాచ్ ఇంటిపేరు అడగదు, నిజమే. ఈ పిల్ల ఎన్ని గంటలు నీళ్లలో ఉందని కూడా అడగదు.

గచ్చిబౌలిలో పెద్ద కొలను ఉంది. 2002 జాతీయ క్రీడలకు కట్టింది. సనత్‌నగర్ నుంచి తెల్లారకముందే బయల్దేరి అక్కడ ఈది, మళ్లీ బడి గంటకు రావాలంటే బండి ఉండాలి, దాన్ని నడిపే మనిషి ఉండాలి, ఆ మనిషికి ఆ పొద్దున డ్యూటీ ఉండకూడదు. మా అక్క ఆరింటికి పనికి పోతుంది.

మాకు నీళ్లతో ఉన్న చరిత్ర కూడా ఆ గంటల్లో కలుస్తుంది. మా తాతలు కూలికి బావులు తవ్వారు. నీళ్లు పడ్డాక ఆ బావి వాళ్లది కాదు. ఊళ్లో దొరల పిల్లలు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకుని ఆ బావుల్లోనే ఈత నేర్చారు. మనవాళ్లు గట్టు మీద నిలబడ్డారు. మా అమ్మకు ఈత రాదు, అక్కకు రాదు, నాకూ రాదు. 1923లో బొంబాయి శాసనమండలి పబ్లిక్ చెరువులు అందరివీ అని బోలే తీర్మానం చేసింది. అయినా మహద్‌లో చవదార్ చెరువు నీళ్లను మనవాళ్లు ముట్టుకోవడానికి 1927 మార్చి 20న బాబాసాహెబ్ నడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాత చెరువును 'శుద్ధి' చేశారు. కోర్టు గొడవ 1937 దాకా సాగింది. ఒక కొలను ముందు 'అందరికీ ప్రవేశం' అని బోర్డు ఉంటే నాకు ఆ మూడున్నరేళ్లు గుర్తొస్తాయి.

ఇంకో వైపు కూడా చూడండి. 2021 జూన్‌లో రోమ్‌లో సాజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1:56.38లో ఈదాడు. టోక్యో ఒలింపిక్స్ 'ఏ' ప్రమాణం 1:56.48. సెకనులో పదో వంతు తేడాతో, ఆ ప్రమాణాన్ని అందుకున్న మొదటి భారతీయ స్విమ్మర్ అయ్యాడు. అతని తల్లి నైవేలి లిగ్నైట్ కార్పొరేషన్ ఉద్యోగి. అతను పెరిగింది ఆ ప్రభుత్వ రంగ సంస్థ టౌన్‌షిప్‌లో, ఈదింది వాళ్ల కొలనులో. ప్రతిభ అతనిదే, కష్టం అతనిదే. ఇంటికి దగ్గర్లో ఉన్న ఆ కొలను మాత్రం ప్రజలది. మా సనత్‌నగర్ కూడా ఫ్యాక్టరీ కార్మికుల పేటే. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, చేతి గడియారాలు చేసిన అల్విన్ ఇక్కడిదే. ఇప్పుడు ఆ పేరు కాలనీలకూ చౌరస్తాలకూ మిగిలింది. ప్రభుత్వ రంగం పోయినప్పుడు ఉద్యోగాలతో పాటు ఇంకా ఏమేం పోయాయో మనం సరిగ్గా లెక్క రాయలేదు.

అయితే మన పిల్లలకు గీత తగ్గించమని అడగాలా? నేను అడగను. రిజర్వేషన్‌తో దీన్ని పోల్చకండి. రిజర్వేషన్ అధికారంలో మన వాటా. క్వాలిఫైయింగ్ టైం ఒక కొలత. నిజానికి ముందే ప్రకటించిన అంకె మనకు మేలే చేస్తుంది. ఇంటర్వ్యూ బల్ల అవతల కూర్చున్నవాళ్లు మనల్ని చూసి ఎన్ని మార్కులు వేస్తారో మీకు తెలుసు. ఇక్కడ ఆ బల్ల లేదు. గీత దాటితే ఏ సెలెక్టరూ పేరు కొట్టేయడం అంత తేలిక కాదు. అందుకే అంకెను అట్లాగే ఉండనిద్దాం. అంకె వెనకున్న గంటల కోసం కొట్లాడదాం.

విద్యార్థి మిత్రులు చేయగల పనులు ఉన్నాయి. పోటీ ప్రకటన, టైం పట్టిక, ఆఖరి తేదీ తెలుగులో రాసి మీ హాస్టల్ గోడకు అంటించండి. చాలామంది పిల్లలు ఓడేది నీళ్లలో కాదు, ఆఖరి తేదీ తెలియక. మీ దగ్గరి ప్రభుత్వ కొలను ఏడాదిలో ఎన్ని రోజులు తెరిచి ఉంది, ఫీజు ఎంత, ఎస్సీ హాస్టళ్ల పిల్లలకు ఏ గంటలు ఇచ్చారు అని సమాచార హక్కు కింద అడగండి. ఈదే పిల్ల ఉంటే ఒక నోటుబుక్ పెట్టండి. తేదీ, కొలను పొడవు, చేతి టైమా టచ్‌ప్యాడా, మొదటి 50 ఎంత, రెండో 50 ఎంత అని రాయండి. "నాకు రాదు" అని ఏడ్చే పిల్లకు "నీకు రెండో 50లో ఇంత తక్కువైంది" అని చూపిస్తే తేడా ఉంటుంది.

వచ్చే ఏడు మా పిల్ల గ్రూప్ 1లోకి పోతుంది. అక్కడ గీత ఇంకా కింద ఉంటుంది. 2.60 ఇప్పుడు మూడు దాటొచ్చు. ఈ మధ్య పొద్దున ఐదింటికి ఒక లేన్ అడుగుతూ అర్జీ పెట్టాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చే వారం దాని సంగతి రాస్తా.

జై భీమ్.