మా తమ్ముడి బొంతపల్లి

హైదరాబాదులో బాలానగరు దాటిన తర్వాత నర్సాపూర్ మీదుగా మెదక్ పోయే రోడ్డు ఒకటి ఉంది. నర్సాపూర్ అనగానే మా గోదావరివాళ్ళు తమ నర్సాపురమే అనుకుంటారు. అది కాదు, ఇది అడవి పక్కనున్న నర్సాపూర్. ఆ రోడ్డువారనే చింతల్‌లో మా కాపురం. నర్సాపూర్ బస్సులన్నీ మా వీధి చివరినుంచే పోతాయి. కూరలకు వెళ్ళినప్పుడల్లా వాటిని చూస్తూనే ఉంటాను. అయినా, ఆ బస్సెక్కి గంట ప్రయాణం కూడా సరిగా లేని బొంతపల్లికి వెళ్ళడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది.

మా తమ్ముడు, ఇంట్లో అందరికీ చంటిగాడు, 2011లో రాజమండ్రినుంచి ఒక పెట్టె, ఒక పరుపుచుట్టతో మా యింటికి దిగాడు. బొంతపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. రెండు గదుల ఇల్లు మాది, ఇద్దరు పిల్లలు. వాడికి ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. పగలు వాడు పడుకుంటే పిల్లలను నోరెత్తనిచ్చేదాన్ని కాదు. ఆరు నెలలు అయిన తర్వాత ఒకనాడు, “అక్కడే రూము తీసుకుంటే నీకు తిరుగుడు తప్పుతుంది గదరా” అన్నాను. వాడి మేలుకోసమే అన్నట్టు అన్నాను. వాడు నవ్వి, “ఊరి పేరులోనే బొంత ఉందక్కా, చలికి భయం లేదు” అని పెట్టె సర్దుకున్నాడు.

2013 ఆగస్టులో వాడికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఆ గదిలో ఒక్కడే పడి ఉండి నాతో చెప్పలేదు. తెలిసి తీసుకు వచ్చేసరికి ఆలస్యమయింది. వాడికి అప్పుడు ఇరవైమూడేళ్ళు. ఇంతకంటె ఈ సంగతి రాయలేను.

మావైపు కొన్ని కుటుంబాలలో ఒక ఆచారం ఉంది. పెళ్ళికాకుండా, చిన్నతనంలో పోయినవాళ్ళు వీరభద్రుడైపోతారని నమ్మకం. విబూదిపండును దేవుడి మూల పెట్టెలో పెట్టి, అది తమ బిడ్డే అనుకుని పూజ చేస్తారు. శివరాత్రికి వీరణాల మోతతో, “శరభ శరభ” అనే కేకలతో గోదావరికి తీసుకువెడతారు. ఇది పల్లెటూరి చాదస్తమని చదువుకున్నవాళ్ళం తీసిపారేస్తాం గాని, డేవిడ్ నైప్ అనే అమెరికా పండితుడు రాజమండ్రి ప్రాంతంలో తిరిగి, ఈ ఆచారంమీద 1989లో పెద్ద వ్యాసమే ప్రకటించాడు. పెరుగుతూండే మృతుల రాత్రి అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు దానికి. పెరుగుతూండటం అన్న మాట మా అమ్మ వింటే ఆశ్చర్యపడదు. “ఇప్పుడు చంటిగాడికి ముప్పైఅయిదు. పెళ్ళయివుంటే ఇద్దరు పిల్లలు” అంటుంది మామూలుగా, పక్కవీధిలో ఉన్నవాణ్ణి గురించి చెప్పినట్టు.

నాకు ఆ పెట్టెకేసి చూడాలంటే భయం. శివరాత్రికి రమ్మని అమ్మ ఏటా కబురు చేస్తుంది. పిల్లల పరీక్షలనో, మావారికి సెలవు లేదనో ఏటా నేను తప్పించుకుంటాను.

2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ముడిసరుకు చేసే ఒక కర్మాగారంలో పేలుడు జరిగి నలభైమందికి పైగా పోయారు. బీహారు, ఒరిస్సా లాంటి దూరప్రాంతాలనుంచి పొట్ట చేతపట్టుకు వచ్చినవాళ్ళు వాళ్ళలో ఎందరో. ఫొటోలు చేతబట్టుకుని నిలబడ్డ తల్లులను టీవీలో చూసి అమ్మ ఫోను చేసింది. “ఆ ఊరు మనవాడి ఊరికి ఎంత దూరమే?” అంది. అదే జిల్లా, కాని పటాన్‌చెరువు వైపు అన్నాను. కొంచెం ఆగి, “నువ్వు ఒక్కసారి బొంతపల్లి చూసి రావే అమ్మాయ్” అంది.

ఒక ఆదివారం బయలుదేరాను.

ఈ రోడ్డును మందుల రోడ్డు అన్నా తప్పులేదు. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. అనే ప్రభుత్వ మందుల సంస్థ ఫ్యాక్టరీ ఇక్కడ, బాలానగరు దగ్గరే ఉండేది. అందులో పని నేర్చినవాళ్ళలో కొందరు తరువాత సొంతంగా కంపెనీలు పెట్టారు. జీడిమెట్ల, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి, ఇలా వరసగా ఊళ్ళకు ఊళ్ళు కర్మాగారాలయ్యాయి. వాటివల్ల బువ్వ దొరికింది, వాగులూ చెరువులూ పాడయ్యాయి. పటాన్‌చెరువు ప్రాంతపు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. చంటిగాడు సెలవురోజున మా యింటికి వస్తే ముందు స్నానం, తరువాతే మాట. చొక్కాకు పట్టిన ఘాటు వాసన ఎంత ఉతికినా పోయేది కాదు. బస్సు సూరారం, గండిమైసమ్మ దాటి దుండిగల్ దగ్గరకు వచ్చేసరికి కిటికీలోంచి గాలి చల్లగా తగిలింది. అక్కడ వైమానికదళం వారి అకాడమీ ఉంది. వాడు మా పెద్దవాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని చిన్న విమానాలు గిరికీలు కొట్టే కథలు చెప్పేవాడు. ఆదివారం కాబోలు, ఆకాశంలో ఏమీ లేదు.

బొంతపల్లి కమాను దగ్గర దిగాను. అక్కడినుంచి ఊళ్ళోకి ఆటో. వాడున్నప్పుడు ఇది మెదక్ జిల్లా, జిన్నారం మండలం. 2016లో జిల్లాలు మారాయి గదా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, గుమ్మడిదల మండలం. వాడి పాత చిరునామా కాగితం నా సంచిలో ఉంది. దానిమీద ఉన్నదాంట్లో ఊరి పేరు తప్ప మిగతాదంతా చెల్లని చిరునామా.

ఇక్కడి వీరభద్రస్వామి గుడికి పేరుంది. మేము వెళ్ళిన వేళకు, మేము అంటున్నాను చూడండి, నేను వెళ్ళిన వేళకు, జనం బాగానే ఉన్నారు. పసుపు కుంకాల పళ్ళేలు, కొబ్బరికాయలు, వాటిమధ్య రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన కుర్రాళ్ళు నలుగురు, నిద్రకళ్ళతో. స్వామి ఎదుట నుంచుంటే నాకు పట్టిసం గుర్తుకు వచ్చింది. గోదావరి మధ్య లంకలో, దేవకూటాద్రి మీద ఉన్న గుడి అది. దక్షయజ్ఞం ధ్వంసం చేసిన తరువాత వీరభద్రుడు తన పట్టిసం అనే ఆయుధాన్ని అక్కడే గోదావరిలో కడిగాడంటారు. ఆ యజ్ఞం జరిగిన చోటు మా ద్రాక్షారామమేనని చెప్పుకుంటాం. చిన్నప్పుడు శివరాత్రికి నాన్న మా ఇద్దరినీ పడవలో పట్టిసం తీసుకువెళ్ళాడు. ఇసుకలో చంటిగాడు తప్పిపోతే గంటసేపు వెతికాం. బొంతపల్లి వచ్చిన వారానికే వాడు ఫోనుచేసి, “అక్కా, మన పట్టిసం దేవుడు ఇక్కడికి ముందే వచ్చి కూర్చున్నాడే” అన్నాడు.

వీరభద్రుడంటే ఉగ్రమూర్తి అనే విన్నాను ఇన్నాళ్ళూ. కత్తి, డాలు, కోరమీసం. కాని ఆయన ఎందుకు పుట్టాడు? పుట్టింట్లో అవమానంపడి సతీదేవి దేహం చాలిస్తే, ఆ కబురు విన్న శివుడు పట్టలేక జట ఒకటి పెరికి నేలకు కొడితే పుట్టాడు. చిన్న వయసులో పోయిన భార్యకోసం పడిన ఏడుపే ఆ రూపం ఎత్తిందన్నమాట. మా అమ్మకూ ఆ పెట్టెలోని విబూదిపండుకూ ఉన్న సంబంధం ఏమిటో ఆ గుళ్ళో నిలబడితే నాకు కొంచెం తెలిసినట్టనిపించింది. పూజారి గోత్రం అడిగాడు. చెప్పాను. పేరు అడిగితే తమ్ముడి పేరు చెప్పాను. ఆయనకు ఏమి తెలుసు, ఆయురారోగ్యాలు కోరి అక్షతలు ఇచ్చాడు.

ఆ రూము దొరికింది. రేకుల వరండా, వరసగా ఆరు తలుపులు. మూడో తలుపు వాడిది. ఇప్పుడు అందులో ఒరిస్సా కుర్రాళ్ళు ముగ్గురు ఉంటున్నారు. ఒకడు బియ్యం కడుగుతూ లేచి నుంచుని, నాకు అర్థంకాని మాటల్లో ఏమో అడిగాడు. కొబ్బరిచిప్పలు వాళ్ళ చేతిలో పెట్టాను. లోపలికి తొంగిచూశాను. చాలా చిన్న గది, మా వంటింటి కంటె చిన్నది.

కమాను దగ్గరకు తిరిగి వచ్చి అమ్మకు ఫోను చేశాను.

“గుడికి వెళ్ళే దారిలో టీకొట్టు ఉందా? కొట్టువాడు డబ్బు మరునాడిచ్చినా ఏమనడట” అంది. నేను చూడలేదన్నాను. “రూము ముందు పంపు ఉందా? పొద్దున్నే దానికోసం పోట్లాటట.” పంపు ఉంది. అమ్మ గోదావరి దాటి ఇటు వచ్చిందే వాణ్ణి తీసుకుపోవడానికి. అయినా ఆమెకు ఈ ఊరు నాకంటె తెలుసు.

అప్పుడు చెప్పాను, రోడ్డుమీద నిలబడి, లారీల మోతలో. “అమ్మా, రూము తీసుకోమన్నది నేనే.”

“తెలుసే” అంది. “ఆ రోజే చెప్పాడు. నా తాళంచెవి నాకుందమ్మా అని ఎంత సంబరపడ్డాడనీ! ఆ తాళంచెవి పెట్టెలోనే ఉంది, పండు పక్కన.”

నాకు మాట రాలేదు.

“ఈసారి శివరాత్రికి నువ్వు రావాలి. పెట్టె నువ్వే పట్టుకోవాలి. కోటిలింగాలరేవు మెట్లు దిగుతుంటే నాకు చేతులు వణుకుతున్నాయి” అంది.

వస్తానన్నాను. నర్సాపూర్ వైపునుంచి బస్సు వచ్చింది. కూర్చోవడానికి చోటు లేదు. దుండిగల్ దాకా నిలబడే వచ్చాను.