డబ్బా చూసి కేకలు వేయకండి, డబ్బా మీద రాసింది చదవండి



కోయంబత్తూరులోనైనా మదురైలోనైనా మన ఇళ్ళలో బియ్యం డబ్బా పక్కన ఇప్పుడు ఇంకో పెద్ద డబ్బా చేరింది. జిమ్‌కు పోయే అబ్బాయి ప్రోటీన్ పొడి. పొట్ట తగ్గాలి, కండ పెరగాలి, రెండూ పెళ్ళిచూపుల లోపలే కావాలి. పెద్దలు "అది విషం" అంటారు. పిల్లలు "అది లేకుంటే కండ రాదు" అంటారు. మేము రెండు మాటలూ ఒప్పుకోము.

వే ప్రోటీన్ అంటే పాలు విరిగినప్పుడు మిగిలే తేటను ఎండబెట్టి చేసిన పొడి. ఒక కొలతకు సుమారు 24 గ్రాముల ప్రోటీన్ వస్తుంది, అంతే. కండ రావాలంటే బరువులెత్తాలి. కొవ్వు కరగాలంటే ఖర్చయ్యేదానికన్నా కాస్త తక్కువ తినాలి. అలా తక్కువ తినేటప్పుడు ఉన్న కండ పోకుండా ప్రోటీన్ కాపాడుతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 70 కిలోల మనిషికి 58. బరువులెత్తేవాళ్ళకు 1.6 దాకా, అంటే 112 గ్రాముల దాకా మేలని క్రీడా పోషణ నిపుణుల మాట. మన వంటింట్లో చూద్దాం. 100 గ్రాముల ఉలవల్లో 22, మూడు గుడ్లలో 18, అర లీటరు పాలలో 16. అప్పుడే 56 అయింది. రెండు గుప్పెళ్ళ వేరుశెనగ, 200 గ్రాముల కోడిమాంసం కలిపితే 110 దగ్గరికి వస్తాము. ఆ సంస్థ కూడా 2024లో కండ కోసం పొడులు వద్దు, తిండే ముఖ్యం అంది. గుడ్డూ మాంసమూ ముట్టని ఇంట్లో అంత ప్రోటీన్ కుదరడం కష్టం. అక్కడ ఒక కొలత పొడి అక్కరకొస్తుందని మా అభిప్రాయం.

ఇక్కడి తమిళ సామెత మీకు తెలిసిందే: ఇళైత్తవనుక్కు ఎళ్ళు, కొళుత్తవనుక్కు కొళ్ళు. బక్కవాడికి నువ్వులు, బలిసినవాడికి ఉలవలు. కాకపోతే చారుతో సరిపెట్టకుండా గింజ కూడా తినాలి.

అసలు భయపడాల్సింది కొవ్వు కరిగించే మాత్రలకు. ఎఫెడ్రా కలిసినవాటిని అమెరికా 2004లోనే నిషేధించింది. మా బంధువుల అబ్బాయి ఒకడు పేరు లేని మాత్రలు మింగి, గుండెదడతో మూడు రాత్రులు ఆసుపత్రిలో పడుకున్నాడు. పెళ్ళి వాయిదా పడింది. డాక్టరు అడిగేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. పాల పొడికే తిట్లు తిన్నవాడు మాత్రల సంగతి ఎట్లా చెబుతాడు?

అందుకే అన్నలారా, వదినలారా, పిల్లవాడి పక్కన కూర్చుని డబ్బా చదవండి. 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు, కొన్న బిల్లు ఉన్నాయా చూడండి. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉంటే ముందు డాక్టరును అడగండి. జిమ్‌లో ఎవరైనా సూది మందు ఇస్తామంటే ఆ జిమ్ మాన్పించండి.

వచ్చే ఉగాది పంక్తిలో పాయసం పక్కన ఉలవ గుగ్గిళ్ళు కూడా వడ్డించమని సంఘాన్ని అడగబోతున్నాము. మీరూ ఒక మాట వేయండి.