ఫోనుకు చలేస్తే జీతం కోత



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు ఇన్‌బాక్సులో అడిగాడు. "అన్నా, ముఖ హాజరుతో ఇబ్బందేంది? మిషను కులం చూడదు కదా, అందరికీ ఒక్కటే కదా?" అని. అడగాల్సిన ప్రశ్నే. మిషనుకు కులం తెలియదు, ఒప్పుకుంటా. కానీ దానికి చలి తగులుతుంది. తెల్లవారుజామున 5 గంటలకు రోడ్డు మీద చలిలో ఎవరు నిలబడతారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మాది తెలంగాణ ఉత్తరపు కొస. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు డిసెంబర్, జనవరిలో 10 డిగ్రీల కిందికి పడిపోవడం మామూలే. ఆ వేళకు మా పట్టణంలో రోడ్లు ఊడ్చే అక్కలు, చెత్త బండి అన్నలు ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకొని కళ్లు ఆర్పాలి. దాదాపు అందరూ మాదిగవాడ వాళ్లే. 5:30 లోపు హాజరు పడకపోతే ఆ పూట రానట్టే లెక్క. నాకు తెలిసిన ఒక అక్కకు డిసెంబర్ ఒక్క నెలలోనే మూడు పూటలు ఎగిరిపోయాయి. మూడు రోజులూ ఆమె అందరికంటే ముందే వచ్చింది.

"తమ్మీ, ఇంట్ల నలభై ఉండె. ఫొటో నొక్కంగనే సచ్చిపాయె" అంది. నలభై అంటే ఛార్జింగ్.

జరిగేది ఇది. ఫోన్ బ్యాటరీలో లిథియం అయాన్లు ఒక ద్రవం గుండా ఒక కొస నుంచి ఇంకో కొసకు పోతుంటాయి. చలికి వాటి నడక మందగిస్తుంది, బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. ఊరికే జేబులో ఉన్నంతసేపు ఏమీ కాదు. హాజరు యాప్ తెరిస్తే కెమెరా, జీపీఎస్, నెట్, స్క్రీన్ వెలుగు అన్నీ ఒక్కసారే కరెంటు లాగుతాయి. వోల్టేజీ ధభాలున పడుతుంది. ఇక నడవలేనని ఫోన్ తనంతట తానే ఆగిపోతుంది. ఛార్జింగ్ అయిపోయి కాదు, ఉన్నది బయటికి రాక.

ఎండెక్కాక అదే ఫోన్ లేస్తుంది. 35 శాతం చూపిస్తుంది. అప్పుడు సూపర్‌వైజర్ అంటాడు: "ఛార్జింగ్ ఉంది కదమ్మా, అబద్ధాలెందుకు?" సాక్ష్యం చెప్పాల్సిన ఫోనే ఎదురు తిరిగింది చూడండి.

ఆయన కావాలని అంటున్నాడని కూడా నేననను. ఆపిల్ కంపెనీ తన ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. ఆ లెక్కన మన చలి చలే కాదు. కొత్త ఫోన్‌కు 8 డిగ్రీలు ఒక లెక్కా? అరిగిపోయిన బ్యాటరీకే అది దెబ్బ. ఆయనది కొత్త ఫోన్, ఎన్నడూ ఆగలేదు. అక్కది కొడుకు వాడి వదిలేసిన ఫోన్, స్క్రీన్ మార్చింది, వెనక మూత సరిగా అతకదు.

ఆ మూత సందులోంచే రెండో తిప్పలు. వానాకాలం తడి, చెమట లోపలికి పోయి అక్కడే ఉంటాయి. తెల్లారి చలికి కెమెరా అద్దం చల్లబడితే ఆ తేమ అద్దానికి లోపలి వైపు మంచులా పట్టుకుంటుంది. కొంగుతో ఎంత తుడిచినా పోదు, తుడిచేది బయటి వైపు కదా. ఫొటోలో ముఖం బదులు తెల్లటి పొగ. చల్లటి ఫోన్‌ను టీ బండి ఆవిరి దగ్గరికి తెచ్చినా, ఊపిరి తగిలేంత దగ్గరగా పట్టుకున్నా బయటి వైపూ అంతే. పది నిమిషాల్లో దానంతటదే పోతుంది. ఆ పది నిమిషాల్లో 5:30 దాటిపోతుంది.

ఇది మా ఒక్క పట్టణం గోల కాదు. ఉపాధి హామీ పనుల దగ్గర రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో యాప్‌లో ఎక్కించడం 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. కూలి డబ్బులకూ కడుపుకూ మధ్య ఒక కెమెరా అద్దం వచ్చి కూర్చుంది.

అక్కలకు మేం చెబుతున్నవి కొన్ని. ఫోన్‌ను సంచిలో, బండి మీద పెట్టకండి, ఒంటికి ఆనించి ఉంచండి. కానీ వట్టిగా కాదు, చెమట తగలకుండా జిప్ కవర్లో వేసి. హాజరుకు ముందు స్క్రీన్ వెలుగు తగ్గించండి, మిగతా యాప్‌లు మూసేయండి. తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టొద్దు, దుమ్ము, నూక లోపలికి పోతాయి. పొయ్యి దగ్గర అసలే పెట్టొద్దు. స్విచాఫ్ చేసి గాలికి ఆరనివ్వండి.

ఇవన్నీ చెబుతుంటే నాకే కోపం వస్తుంది. చీపురు, బండి, తొడుగులు ఆఫీసు ఇవ్వాలని కొట్లాడి సాధించుకున్నాం. హాజరు ఆఫీసుది, యాప్ ఆఫీసుది, ఫోన్ మాత్రం అక్కది, రీఛార్జ్ అక్కది, చివరికి బ్యాటరీకి కాపలా కూడా అక్కదేనా? ఫోన్ పనిచేయని రోజు రిజిస్టర్‌లో సంతకం చెల్లాలి, పోయిన పూటల కూలి తిరిగి రావాలి. అర్జీలో ఈ రెండే రాశాం.

అర్జీకి ఆధారాలు కావాలి. సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చే మన హాస్టల్ పిల్లలు నాలుగు రోజులు తెల్లవారుజామున పాయింట్ దగ్గరికి రండి. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎవరి ఫోన్ ఎప్పుడు ఆగింది, అప్పుడు ఛార్జింగ్ ఎంత ఉంది, రాసిపెట్టండి. స్వెట్టర్ వేసుకోండి. నోటుబుక్కు, పెన్ను తెచ్చుకోండి, ఆ వేళకు మీ ఫోన్‌ను కూడా నమ్మొద్దు.