పెండ్లి హక్కును గూర్చిన సాయంసభ

హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఒక పాత ఇంటిని 2010లో ప్రజల కొఱకు తెఱచి, నాటకమునకును సంగీతమునకును వాదోపవాదములకును భేదము లేక చోటిచ్చుచున్న లామకాన్ ప్రాంగణమునకు నేను చేరునప్పటికి, తెర కట్టుట ముగిసినది. చాయ్, సమోసాలతో జనము సర్దుకొని కూర్చుండుచుండిరి. చిత్రప్రదర్శనము, పిదప స్వలింగ జంటల వివాహసమానత్వముపై చర్చ, ఇదియే ఆనాటి కార్యక్రమము.

చిత్రము శ్రీధర్ రంగాయన్ దర్శకత్వమున 2018లో వెలువడిన ‘ఈవెనింగ్ షాడోస్’. ముంబయిలో నివసించు కుమారుడు కర్ణాటకలోని తన ఊరికి వచ్చి, తనకు సంబంధము నిశ్చయింప తొందరపడుచున్న తలిదండ్రులలో మొదట తల్లికి, తన మనస్సు పురుషునిపై లగ్నమైనదని చెప్పుకొనుటయే అందలి కథ. కన్నకొడుకును కాదనలేక, భర్తకు ఎదురాడు అలవాటు ఏనాడును లేక, ఆ యిల్లాలు లోలోపల నలుగుచుండగా, సభలోని పెద్దవారు రెప్పవాల్చక చూచుచుండిరి. పది ఉపన్యాసములు కలిగింపజాలని ఎఱుకను ఆ తల్లి ముఖము కలిగించినదని నా నమ్మకము.

చర్చను ఒక న్యాయవాది ఆరంభించెను. ఎవరి పేరిట వివాహసమానత్వ వ్యాజ్యము ప్రసిద్ధమైనదో ఆ సుప్రియో చక్రవర్తియు, ఆయన సహచరుడు అభయ్ డాంగును మన నగరవాసులే యనియు, 2021 డిసెంబరులో బంధుమిత్రుల సమక్షమున వేడుక జరుపుకొన్న పిదప, 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము తమకును వర్తింపవలెనని సుప్రీంకోర్టు నాశ్రయించిరనియు ఆమె వివరించెను. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులును వివాహము ప్రాథమికహక్కు కాదనిరి. సహజీవనమునకు చట్టబద్ధమైన గుర్తింపు నొసగు విషయమున మాత్రము ముగ్గురొకవైపు, ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ మఱియొకవైపు నిలిచిరి. 2025 జనవరిలో పునస్సమీక్షా వినతులును తిరస్కృతములైనవి.

సంతానము కొఱకే గదా వివాహమని ఒక వృద్ధుడు మర్యాదగనే ఆక్షేపించెను. బిడ్డలు లేని దంపతుల పెండ్లి చెల్లదని మనమెన్నడైన అంటిమా యని వేదికపైనుండి బదులు వచ్చినది. ఆ బదులులో పస కలదు.

అంతవఱకు మాటలు ఆంగ్లమునను హిందీలోను సాగుచుండగా, వెనుక వరుసనుండి ఒక తల్లి లేచి, “మావాడికి ఏ రాత్రప్పుడో ఆపరేషను అంటే, వాడితో ఉండే అబ్బాయి సంతకం చెల్లుతుందా అమ్మా? మేము పోయాక వాడికెవరు?” అని అడిగెను. న్యాయవాది వెంటనే తెలుగులోనికి మరలెను. జాయింటు ఖాతా తెఱచుటకును, సహచరుని నామినీగా వ్రాయుటకును అడ్డులేదని కేంద్ర ఆర్థికశాఖ 2024 ఆగస్టులో స్పష్టపఱచినదనియు, వీలునామా వ్రాసికొననిచో ఆస్తి మాత్రము సహచరునికి చెందదనియు, ఇరువురును కలసి దంపతులుగా దత్తత తీసికొనుటకు వీలులేదనియు, ఆస్పత్రివారు మొదట వెదకునది రక్తసంబంధినే గాన ముందే పత్రములు వ్రాయించి ఉంచుకొనుట మేలనియు ఓపికతో చెప్పెను. అప్పటినుండి ప్రశ్నలన్నియు తెలుగుననే వచ్చినవి. నిర్వాహకులు నిర్ణయించిన గడువు దాటినను ఎవ్వరును లేవలేదు.

న్యాయస్థానము వివాహహక్కును కల్పించు భారమును శాసనకర్తలకు విడిచినది. శాసనకర్తలు ప్రజాభిప్రాయమును చూపుదురు. కావున వరంగల్లులోను, విజయవాడలోను, కడపలోను గ్రంథాలయములును, కళాశాలలును, చిత్రసమాజములును ఇట్టి సాయంసభలను తెలుగున జరుపవలెను. వచ్చువారు తమ తల్లిని గాని, తండ్రిని గాని వెంటబెట్టుకొని రావలెనని నా ప్రార్థన.