అర్థమైందా అని అడగొద్దు

థాయ్‌లాండ్ పోతున్నానని చెప్పగానే మా రూము రూమంతా నవ్వింది. సోనాపూర్ క్యాంపులో ఎనిమిది డబుల్ మంచాల గది, పదహారు మందిమి. కోరుట్ల అన్న అయితే దుప్పటి ముఖం మీదికి లాక్కుని మరీ నవ్వాడు. "ఏం తమ్మీ, తొమ్మిదేండ్ల హిసాబ్ పైసలు పట్టుకొని థాయ్‌లాండ్ పోతవా? ఇంట్ల చెప్పినవా మరి?" అన్నాడు. ఆ దేశం పేరెత్తితే మనవాళ్ళకు ఏం గుర్తొస్తుందో మీకూ తెలుసు, నేను రాయనక్కరలేదు. చదువుకోవడానికి అంటే ఎవరూ నమ్మలేదు. ఇంగ్లీషు చెప్పడం నేర్చుకోవడానికి అంటే ఇంకా నమ్మలేదు.

ఇది 2018 మే నెల మాట.

జగిత్యాలలో బి.ఏ. పాసై, 2009లో హెల్పర్ వీసా మీద దుబాయ్ వచ్చినవాణ్ణి నేను. డిగ్రీ చదివి హెల్పరేమిటి అని అడగకండి, అలాంటివాళ్ళు మీ గదిలోనే ఇద్దరుంటారు. ఇంగ్లీషులో పేర్లు రాయగలనని మూడో ఏడు టైమ్‌కీపర్‌ని చేశారు. అప్పటి నుంచి ఎవరికి ఫారం నింపాలన్నా, బ్యాంకు కాగితం చదవాలన్నా, ఆసుపత్రికి తోడు పోవాలన్నా నేనే. సెలవు రోజు సాయంత్రం మెస్‌లో నలుగురికి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. చెప్పడమే గానీ ఎవరికీ వచ్చేది కాదు. ఆరు నెలలు టెన్సులు చెప్పిన తర్వాత కూడా కోరుట్ల అన్న మందుల షాపుకు పోయి, కడుపు పట్టుకుని చూపించి వచ్చేవాడు. తప్పు వాళ్ళ బుర్రలో ఉందనుకునేవాణ్ణి.

ప్రాజెక్టు ముగిసి హిసాబ్ చేతికొచ్చిన రోజుల్లో, మా ఆఫీసులో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆమె ఈ కోర్సు సంగతి చెప్పింది. వాళ్ళ చెల్లెలు థాయ్‌లాండ్ బడిలో టీచరట. డిగ్రీ ఉన్నవాళ్ళకు నాలుగు వారాలు, 120 గంటల శిక్షణ. ఫీజు 45 వేల బాట్లు, అప్పటి లెక్కన ఐదు వేల దిర్హాములకు పైమాటే. మా ఇంటామె ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పిల్ల ఫీజు పక్కకు వెట్టి పో" అంది.

చియాంగ్ మాయ్ ఉత్తరాన కొండల పక్కన ఉంటుంది. 1296లో కట్టిన పాత ఊరు, చుట్టూ చదరంగా కందకం. నేను దిగేసరికి వానలు మొదలయ్యాయి. తొమ్మిదేళ్ళు ఇసుక చూసిన కళ్ళకు ఆ పచ్చదనం కొత్తగా ఉండేది, పొద్దున లేచి ఊరికే చూస్తూ కూర్చునేవాణ్ణి. రోడ్డు పక్కన ఆడవాళ్ళు పచ్చి బొప్పాయిని సన్నగా తరిగి, మిరపకాయలు, వెల్లుల్లి వేసి రోట్లో దంచుతుంటే మా అమ్మ పచ్చడి నూరినట్టే ఉండేది. అందులో చేపల నుంచి తీసిన ఉప్పురసం పోస్తారు. ఆ వాసన అలవాటు కావడానికి నాకు వారం పట్టింది.

క్లాసులో పద్నాలుగు మందిమి. అమెరికా, ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా వాళ్ళు, ఇద్దరు ఫిలిప్పీన్స్ అమ్మాయిలు. భారతదేశం నుంచి నేనొక్కణ్ణే. మొదటి మూడు రోజులు నోరు విప్పలేదు. నా ఇంగ్లీషు సైటు ఇంగ్లీషు, సగం హిందీ, పావు అరబ్బీ. మూడో రోజు సాయంత్రం మా మాస్టారు, యాభై దాటిన ఇంగ్లండ్ మనిషి, నన్ను పిలిచి, "రేపు నువ్వు వీళ్ళకు ఇరవై నిమిషాలు మీ భాష చెప్పు. ఒక్క ఇంగ్లీషు మాట కూడా రాకూడదు" అన్నాడు.

మర్నాడు నీళ్ళ సీసా ఒకటి, అరటిపళ్ళు నాలుగు పట్టుకుపోయాను. నీళ్ళు. అరటిపండు. నీళ్ళు ఇవ్వండి. అరటిపండు తీసుకోండి. అంతే పాఠం. అమెరికా పెద్దమనిషి ఒకాయన, బ్యాంకు మేనేజరుగా రిటైరైనవాడు, అరటిపండు తీసుకోండి అంటే నీళ్ళ సీసా ఎత్తాడు. అందరూ నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది, ఏసీ గదిలో నుదుటి మీద చెమట పట్టింది.

ఆ చెమట నాకు తెలుసు. 2009లో పనిలో చేరిన మొదటి వారం, మూడో అంతస్తు నుంచి ఫోర్‌మన్ "లెవెల్" అని అరిచాడు. నాకు "షావెల్" అని వినిపించింది. పార భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కాను. ఆయన తిట్లు అర్థం కాలేదు గానీ పక్కవాళ్ళ నవ్వు అర్థమైంది. రాని భాషలో నిలబడితే మేనేజరైనా హెల్పరైనా ఒకటే అని ఆ రోజు చూశాను. క్లాసు అయ్యాక ఆ పెద్దాయన నా దగ్గరకొచ్చి, "మళ్ళీ చెప్పు, ఈసారి సరిగ్గా తీసుకుంటా" అన్నాడు. అరటిపండు తీసుకుని తిన్నాడు కూడా.

రెండో వారంలో చెప్పిన ఒక్క మాట కోసం ఇదంతా రాస్తున్నాను. పాఠం చెప్పాక "అర్థమైందా" అని అడగొద్దు అన్నాడు మాస్టారు. ఎందుకంటే ఎవరైనా అయిందనే అంటారు. కాలేదని చెప్పడానికి సిగ్గు, భయం. అర్థమైందో లేదో వాళ్ళు చేసి చూపిస్తే తెలియాలి, లేదా అడ్డం తిప్పి చిన్న ప్రశ్న వేస్తే తెలియాలి.

అందరూ రాసుకుంటున్నారు. నా పెన్ను ఆగిపోయింది.

2014లో మా సైటులో ఒక పొద్దున టూల్‌బాక్స్ మీటింగు జరిగింది. సేఫ్టీ ఆఫీసరు పది నిమిషాలు ఇంగ్లీషులో చెప్పాడు. స్కాఫోల్డింగుకు పచ్చ చీటీ ఉంటే ఎక్కండి, ఎర్ర చీటీ ఉంటే ఎక్కొద్దు. చివర్లో "అండర్‌స్టాండ్?" అన్నాడు. "యెస్ సర్" అన్నారు నలభై మంది. మధ్యాహ్నం నిర్మల్ పిల్లవాడొకడు, వచ్చి నెల కాలేదు, ఎర్ర చీటీ ఉన్న స్కాఫోల్డింగు ఎక్కాడు. పైన చెక్క కట్టలేదు. పడ్డాడు. తుంటి ఎముక విరిగి, మూడు నెలలు ఆసుపత్రిలో ఉండి ఇంటికి పోయాడు. శిక్షణ ఇచ్చాం, అర్థమైంది అనే కాగితం మీద ఆ పొద్దున అతని సంతకం తీసుకుంది నేనే. సంతకం ఎక్కడ పెట్టాలన్నా అని అడిగితే వేలు పెట్టి చూపించాను. ఏం రాసుందో తెలుగులో చెప్పడానికి ఒక నిమిషం పట్టేది. వెనక నలభై మంది వరసలో ఉన్నారు.

ఈ సంగతి చియాంగ్ మాయ్‌లో ఎవరికీ చెప్పలేదు.

మూడో వారం నుంచి నిజం బడుల్లో పాఠాలు. పొద్దున ఎనిమిదింటికి జెండా, జాతీయ గీతం. క్లాసులో నలభై అయిదు మంది. లేచి నిలబడి ఒకే గొంతుతో గుడ్ మార్నింగ్ టీచర్ అంటారు. ఎలా ఉన్నారంటే జ్వరంతో ఉన్న పిల్ల కూడా ఐ యామ్ ఫైన్ థాంక్యూ అంటుంది. అదీ మన "యెస్ సర్" లాంటిదే. వాళ్ళ నోట ఇంగ్లీషు వింటే మొదట నవ్వొచ్చింది. స్కూల్ అంటే "సకూన్", ఫుట్‌బాల్ అంటే "ఫుట్‌బోన్". మాట చివర లకారం వాళ్ళ నోట నకారమవుతుంది. మనం ఇస్కూలు, బస్సు, ఫోను అని చివర ఒక అచ్చు తగిలిస్తాం, వాళ్ళు ఉన్న హల్లును కూడా మింగేస్తారు. ఎవరి తల్లి భాష వాళ్ళ నాలుకను అలా తిప్పుతుంది, అందులో తెలివి తక్కువేమీ లేదు. ఇది తెలిశాక నా ఉచ్చారణ మీద నాకున్న సిగ్గు కూడా సగం పోయింది.

వాళ్ళ మాటల్లో మన మాటలు కూడా దొరుకుతాయి. భాషను ఫాసా అంటారు, ఆహారాన్ని ఆహాన్ అంటారు. టెలిఫోను తోరసాప్, అంటే దూరశబ్దం. టీచరు ఖ్రూ, మన గురువే. గురువారానికి వాళ్ళ పేరు బృహస్పతి మీద ఉంది, మా ఊళ్ళో బేస్తవారం అన్నట్టే. జూన్‌లో ఒక గురువారం పిల్లలు టీచర్లకు మొక్కే పండుగ చేస్తారు. మా శిక్షణ ఆ రోజుల్లోనే కాబట్టి మమ్మల్నీ కుర్చీల్లో కూర్చోబెట్టారు. పిల్లలు మోకాళ్ళ మీద నడిచి వచ్చి పూల పళ్ళెం ఇస్తారు. అందులో మూడు ఉండాలి. గరిక, అది పాకినట్టు చదువు పాకాలని. నూరువరహాల పువ్వు, దాని మొగ్గ సూదిలా ఉంటుంది కాబట్టి బుద్ధి పదునుగా ఉండాలని. వంకాయ పువ్వు, అది కిందికి వంగి ఉంటుంది, వినయానికి. ఎనిమిదేళ్ళ పిల్ల వచ్చి నా ముందు వంగింది. తొమ్మిదేళ్ళు "ఏయ్" అని పిలిపించుకున్నవాణ్ణి. ఏం చెయ్యాలో తెలియక నేనూ చేతులు జోడించాను, పక్కనున్న థాయ్ టీచరమ్మ నవ్వింది.

కోర్సు బాగానే ముగిసింది. కష్టం తర్వాత మొదలైంది.

ఉద్యోగ ప్రకటనలు చాలావరకు ఇంగ్లీషు సొంత భాషగా ఉన్న దేశాలవాళ్ళకే. నాకు దొరికిన ఏజెన్సీ టోయిక్ పరీక్షలో 600 మార్కులు తెమ్మంది, తెచ్చాను. జీతం 18 వేల బాట్లు అంది. నాతో చదివిన దక్షిణాఫ్రికా కుర్రాడికి అదే పనికి 30 వేలు. సరేనన్నాను. అప్పుడు అసలు మాట చెప్పారు. కాగితాలు రావడానికి టైం పడుతుంది, ఈలోగా టూరిస్టు వీసా మీదే పాఠాలు మొదలుపెట్టు, అందరూ అలాగే చేస్తారు.

సోదరులారా, అందరూ అలాగే చేస్తారు అనే మాట మనకు కొత్త కాదు. మా మేనమామ కొడుకు ఆ మాట విని ఐదేళ్ళు ఖల్లివల్లిగా బతికాడు, వాళ్ళ నాన్న చనిపోతే కూడా పోలేకపోయాడు. పర్మిట్ రాకుండా పని చేయనని చెప్పాను. అయితే ఆగు అన్నారు. నా వీసా జూలై 16తో అయిపోతుంది. చేతిలో డబ్బులు కరుగుతున్నాయి. ఇంటికి ఫోన్ చేస్తే "ఎప్పుడు జాయినైతవు?" అనే ప్రశ్న.

ఆ రోజుల్లోనే పక్క రాష్ట్రం చియాంగ్ రాయ్‌లో 12 మంది ఫుట్‌బాల్ పిల్లలు, వాళ్ళ కోచ్ గుహలో చిక్కుకున్నారు. జూన్ 23న లోపలికి పోయారు, వరద నీళ్ళు దారి మూసేశాయి. పదో రోజు ఇద్దరు బ్రిటిష్ డైవర్లు వాళ్ళను కనుక్కున్నారు. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. ఎంతమంది ఉన్నారని డైవరు అడిగితే, చీకట్లోంచి ఇంగ్లీషులో పదమూడు అని జవాబు. ఆ గుంపులో ఇంగ్లీషు మాట్లాడింది 14 ఏళ్ళ పిల్లవాడు, అప్పటికి ఏ దేశ పౌరసత్వమూ లేనివాడు. ఆకలి అని చెప్పగలిగాడు, ఇవాళ ఏ వారం అని అడగగలిగాడు. నేనున్న లాడ్జి కింద టీవీ ముందు ఊరంతా ఏడుస్తుంటే, నేను మాత్రం ఆ పిల్లవాడికి ఇంగ్లీషు చెప్పిన టీచరు ఎవరో అనుకుంటున్నాను. ఆ టీచరు టెన్సులతో మొదలుపెట్టి ఉండరు.

జూలై 9న నా కాగితాలు వచ్చాయి. రాత్రి బస్సులో ఉడాన్ థానీ, అక్కడి నుంచి నోంగ్ ఖాయ్, మెకాంగ్ నది మీద వంతెన దాటి లావోస్ రాజధాని వియెన్‌టియాన్. థాయ్ కాన్సులేటులో ఒక రోజు ఇచ్చి మర్నాడు తీసుకుంటే చేతిలో పని వీసా.

బడి ఖోన్ కేన్ రాష్ట్రంలో ఒక పల్లె. ఆ ఈశాన్య ప్రాంతం మన జగిత్యాల, సిరిసిల్ల లాంటిది, ఇంటికొకరు బయట దేశంలో ఉంటారు. బడి వాచ్‌మన్ ముసలాయన నేను దుబాయ్ నుంచి వచ్చానని తెలిసి "సదీక్!" అని కౌగిలించుకున్నాడు. 1980ల్లో రియాద్‌లో మేస్త్రీ పని చేశాడట. 1989లో నగల దొంగతనం గొడవతో సౌదీ థాయ్ కూలీలను తీసుకోవడం ఆపేసింది, ఆ దెబ్బకు ఆయనా ఇంటికే. రెండు దేశాలు మళ్ళీ కలిసింది 2022లో. నాకు థాయ్ రాదు, ఆయనకు ఇంగ్లీషు రాదు. ఇద్దరం అరబ్బీ ముక్కల్లో మాట్లాడుకునేవాళ్ళం. మా హెడ్‌మాస్టరుకు అదొక వింత.

2019 మార్చిలో బడి మూసేదాకా చేశాను. పని నచ్చింది, జీతం చాలలేదు. 18 వేలలో గది, తిండి పోను ఇంటికి పంపింది దుబాయ్‌లో పంపినదాని కంటే తక్కువ. కాబట్టి డబ్బు కోసం ఎవరినీ అక్కడికి పొమ్మనను. ఇంకో సంగతి. 2022 నుంచి థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగం అని మన పిల్లల్ని పిలిచి, సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల గోడౌన్లలో పడేస్తున్నారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాల్లో 500 మందికి పైగా తిరిగొచ్చారు, అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. టూరిస్టు వీసా మీద రండి, తర్వాత చూసుకుందాం అని ఎవరన్నా అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి.

ఇప్పుడు షార్జాలో, సజ్జా దగ్గర క్యాంపులో ఉంటున్నాను. కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు కింద అసిస్టెంటుని. ఆదివారం సాయంత్రం మెస్‌లో క్లాసు. టెన్సులు లేవు, పుస్తకం లేదు. ఒక లెవెల్, ఒక పార, మందుల డబ్బా, రెండు చీటీలు తెస్తాను. మొన్న ఆదివారం మెట్‌పల్లి నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడు ఒకతను వెనక కూర్చుని, ప్రతిదానికీ తల ఊపుతున్నాడు. క్లాసు అయ్యాక "సమజైందన్నా" అన్నాడు. ఎర్ర చీటీని మెస్ బల్లకు కట్టి, ఎక్కమన్నాను. ఎక్కాడు.

వచ్చే ఆదివారం మళ్ళీ రమ్మన్నాను.