ఫ్యాను ఎందుకు తిరగలేదు?

ఈ నెల కారు ఫ్యాను సంగతి వ్రాస్తున్నాము. కుటుంబ పత్రికలో మెకానిక్ పని ఎందుకని కొందరు అనుకోవచ్చును. మీలో అనేకుల ఇళ్ళలో పాత కారు ఉన్నది. ఎండాకాలంలో అది దారి మధ్యలో ఆవిరి కక్కుతూ నిలిచిపోతే లోపల కూర్చొని ఉండేది మన తల్లులు, పిల్లలే గదా!

మా సంఘానికి 1998 నాటి మారుతి 800 ఒకటి ఉన్నది. కార్బురేటర్ రకము. ఏసీ లేదు. పదిహేనేళ్ళు నిండినప్పటి నుంచి తిరిగి తిరిగి రిజిస్ట్రేషన్ చేయించుకొంటూ నడుపుతున్నాము. వారానికి రెండుసార్లు కోరుట్ల నుంచి ఒక తల్లిని డయాలసిస్ నిమిత్తము జగిత్యాలకు తీసుకొనిపోతాము. బీడీలు చుట్టి పిల్లలను పెంచిన తల్లి ఆమె. నాలుగు గంటలు ఆ మిషను ప్రక్కన పడుకొని లేచేసరికి కాళ్ళలో సత్తువ ఉండదు. తిరుగు ప్రయాణము మిట్టమధ్యాహ్నము. మన వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు.

గడచిన వేసవిలో ఒకనాడు జగిత్యాల బస్టాండు దగ్గర బండ్ల మధ్య ఇరుక్కొని ఉండగా వేడి ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. ఇంజను ఆపి, నలుగురు కలిసి బండిని వేపచెట్టు నీడకు నెట్టారు. అది చల్లారేసరికి ముప్పావు గంట పట్టింది. వెనుక సీటులో ఆమె కొంగుతో మొహం తుడుచుకొంటూ, “రేపటి సంది ఆటోల పోతా తియ్యుండ్రి అయ్యగారూ, మీకెందుకు గింత తిప్పలు?” అన్నది. డయాలసిస్ అయిన మనిషి వడగాలిలో ఆటోలో అంత దూరం పోవడమన్నది మేము ఒప్పుకొనే మాట కాదు.

దారి మీద పోయేటప్పుడు ముల్లు మధ్యలోనే ఉంటుంది, బండి నిలిస్తేనే ఎక్కుతుంది. దీనిని బట్టే సంగతి సగం తెలిసిపోతుంది. పరుగెత్తే బండికి ఎదురుగాలి రేడియేటరులోని నీళ్ళను చల్లబరుస్తుంది. నిలిచిన బండికి ఆ పని ఫ్యాను చేయాలి. నీళ్ళు తొంభై డిగ్రీల పైచిలుకు వేడెక్కగానే ఒక చిన్న స్విచ్ దానిని పసిగట్టి ఫ్యానుకు కరెంటు ఇస్తుంది. మా ఫ్యాను తిరగడం లేదు.

జగిత్యాలలో ఒక మెకానిక్ బ్యాటరీ నుంచి రెండు తీగలు లాగి మోటారుకు తగిలించాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. “స్విచ్ పోయింది సార్, డైరెక్ట్ పెడతా” అన్నాడు. అంటే తాళం తిప్పినది మొదలు ఆపేదాకా ఫ్యాను తిరుగుతూనే ఉంటుందన్నమాట. కోరుట్లలో ఇంకొకాయన నీళ్ళ దారిలో ఉండే థర్మోస్టాట్ వాల్వు పీకేస్తానన్నాడు. ఈ రెండు వైద్యాలూ మన ప్రాంతంలో విరివిగా జరుగుతాయి. మాకు రెండూ నచ్చవు. డైరెక్ట్ పెట్టిన ఫ్యాను అవసరం లేనప్పుడు కూడా తిరిగి తిరిగి అరిగిపోతుంది. వాల్వు తీసిన ఇంజను వేడెక్కడానికి చాలాసేపు తీసుకొని పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అసలు రోగము ఎక్కడున్నదో అక్కడే ఉంటుంది. ఒకనాడు అది బయటపడేసరికి అల్యూమినియము హెడ్డు వంగి, గ్యాస్కెట్టు పోయి, ఖర్చు వేలలోకి పోతుంది.

ఆ తల్లి కుమారుడు షార్జాలో ఒక గ్యారేజీలో పని చేస్తున్నాడు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఇల్లిల్లూ గల్ఫ్ సంగతి ఎరుగును గనుక ఎక్కువ చెప్పనక్కరలేదు. బండి ఆగిన సంగతి తల్లి ఫోనులో చెప్పింది కాబోలు, ఆ రాత్రే మాకు ఫోను వచ్చింది. “డైరెక్ట్ పెట్టనియ్యకుండ్రి అయ్యగారూ” అన్నది మొదటి మాట.

ఆ వారమే అతడు ఒక పాత స్పోర్ట్స్ కారుకు ఇటువంటి పనే చేశాడట. 1992 నాటి పోర్షే 911. ఆ తరము 911 ఇంజనులో నీళ్ళు లేవు. 1998 దాకా ఆ కంపెనీ 911 కార్లను గాలితో, నూనెతోనే చల్లబరిచింది. మా మారుతిలో సుమారు 3 లీటర్ల నూనె పడితే దానిలో 11 లీటర్ల పైన పడుతుంది. ఇంజను వెనుక ఉంటుంది. వేడి నూనె గొట్టాల గుండా ముందు కుడి చక్రం దగ్గర ఉన్న కూలరు దాకా వచ్చి, చల్లబడి తిరిగి పోతుంది. ఆ కూలరుకు ఒక కరెంటు ఫ్యాను. దానికి రెండు వేగాలు. నెమ్మది వేగానికి కరెంటు ఒక రెసిస్టరు గుండా పోతుంది. ఆ రెసిస్టరు కాలిపోవడం ఆ బండ్లలో తరచుగా జరిగేదే. అది కాలితే నెమ్మది వేగము పోతుంది, నూనె మరీ కాగిపోయిన తరువాతనే ఫ్యాను ఒక్కసారిగా పెద్ద వేగంతో లేస్తుంది. హైవే మీద పోయే యజమానికి ఏమీ తెలియదు, సిగ్నలు దగ్గరనే తెలుస్తుంది. మా బండి కథ కూడా అదే గదా! అక్కడ కూడా కొందరు డ్యాష్‌బోర్డులో ఒక స్విచ్ పెట్టుకొని సరిపెట్టుకొంటారట. ఇతడు చక్రం లోపలి తొడుగు విప్పి, రెసిస్టరు మార్చి, రెండు వేగాలూ పరీక్షించి ఇచ్చాడు.

మరునాడు మేము బానెట్ ఎత్తి, ఫోను ఎదురుగా పెట్టుకొని, అతడు చెప్పినట్టు చేశాము. స్విచ్‌కు పోయే తీగలను ఊడదీసి ఒకదానితో ఒకటి కలిపాము. ఫ్యాను తిరగలేదు. కాబట్టి తప్పు స్విచ్‌ది కాదు. ఫ్యూజు బాగానే ఉన్నది. మోటారు ప్లగ్గులో టెస్ట్ బల్బు పెడితే వెలిగింది. కరెంటు వస్తున్నది గదా అన్నాము.

“బల్బు వెలిగిందని నమ్మకుండ్రి అయ్యగారూ. దానికి గింత కరెంటు సాలు. ఫ్యానుకు సాలదు. మీటరు పెట్టుండ్రి.”

మల్టీమీటరు ఒక మొనను మోటారు ఎర్త్ తీగకు, రెండవ దానిని బ్యాటరీ నెగెటివ్‌కు ఆనించి ఫ్యానుకు కరెంటు ఇచ్చాము. అక్కడ దాదాపు సున్నా చూపాలి. అయిదు వోల్టులకు పైగా చూపింది. ఎర్త్ తీగ బాడీకి బిగించిన బోల్టు క్రింద తుప్పు పేరుకొని ఉన్నది. మెకానిక్ తీగలు నేరుగా బ్యాటరీకి తగిలించినప్పుడు ఈ తుప్పును దాటిపోయాడు, అందుకే ఫ్యాను తిరిగింది. పాపము, అతడు అబద్ధమాడలేదు. బోల్టు విప్పి, లోహము మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు వేసి బిగించాము. ఫ్యాను తిరిగింది.

తిరిగింది గాని నీరసంగా. రెండు రోజుల తరువాత మోటారును కర్రతో తట్టితే గాని లేవలేదు. తడితే లేచే మోటారులో కార్బన్లు అరిగిపోయి ఉంటాయని షార్జా నుంచి మాట వచ్చింది. పూర్తి మోటారు సెట్టు కావాలంటే హైదరాబాదు నుంచి తెప్పించాలన్నారు, ధర కూడా మాకు భారమే. మేము నెలకొకసారి కూటము నిమిత్తము కథలాపూర్, రుద్రంగి మీదుగా సిరిసిల్లకు పోతాము. 2016 అక్టోబరు 11న జిల్లాలు వేరైనా ఈ మూడు ఊళ్ళ రాకపోకలు మారలేదు. ఆ మారు మోటారును విప్పి సంచిలో వేసుకొని బస్సులో పోయాము.

సిరిసిల్లలో మరమగ్గాల పుణ్యమా అని మోటారు వైండింగు దుకాణాలకు కొదువ లేదు. ఒక పెద్దాయన మోటారును చేతిలో త్రిప్పి చూచి నవ్వాడు. “మా సాంచల మోటర్లకు కార్బన్లే ఉండయి సారూ. మిక్సీలకు, డ్రిల్లు మిషిన్లకు ఏసేటియి ఉన్నయి, సూద్దాం” అన్నాడు. పాత కార్బన్లు గోరంత మిగిలి ఉన్నాయి. పెద్ద కార్బనును ఆకురాయితో కొలతకు అరగదీసి అమర్చాడు. రాగి కమ్యూటేటరును సన్నని జీరో పేపరుతో తుడిచి, పలకల సందుల్లోని నల్లపొడిని సూదితో తీశాడు. బుష్షులలో రెండు చుక్కల నూనె వేశాడు. గంట పని. రెండు వందల యాభై రూపాయలు తీసుకొన్నాడు.

బిగించిన రోజున ఇంజనును నిలువుగా ఇరవై నిమిషాలు నడిపాము. ముల్లు సగం దాటగానే ఫ్యాను దానంతట అదే లేచి, కాసేపటికి దానంతట అదే ఆగింది. ఆ చప్పుడును రికార్డు చేసి షార్జాకు పంపాము. మనకంటే గంటన్నర వెనుక గనుక అతడు ఇంకా పనిలోనే ఉన్నాడు. జవాబుగా రెండు హెచ్చరికలు వచ్చాయి: వేడి మీద రేడియేటరు మూత ఎప్పుడూ తీయవద్దు, లోపలి నీళ్ళు వంద డిగ్రీలు దాటి కూడా ఒత్తిడిలో ఉంటాయి, మూత తీస్తే మొహం మీదికి చిమ్ముతాయి. రెండవది, ఏటా ఉగాదికి ముందే ఆ ఎర్త్ బోల్టును విప్పి చూడాలి.

ఆ తరువాత మంగళవారము అతని తల్లిని మరల మా బండిలోనే తీసుకొనిపోయాము. బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఫ్యాను లేచిన చప్పుడుకు ఆమె ఉలిక్కిపడి, ఏమైందని అడిగింది. మీ వాడు బాగు చేసిందే తిరుగుతున్నదమ్మా అన్నాము. మోటారు కొనడానికని సంఘస్థులు ఇచ్చిన డబ్బులో మిగిలిన దానితో వెనుక టైర్లు రెండూ మార్చాము.